థైరాయిడ్ ఆపరేషన్: కోసి చేసేదా, కెమెరాతో చేసేదా?

కర్నూలులో థైరాయిడ్ గడ్డకు ఆపరేషన్ తప్పదని డాక్టర్ చెప్పగానే ఇంట్లోవాళ్ల నోట మొదట వచ్చే మాట దాదాపు ఒకటే: "మెడ మీద మచ్చ పడుతుందా సార్?" పెళ్లి కావాల్సిన అమ్మాయి విషయమైతే ఆ మాట వెనక దిగులు ఎంతో వేరే చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత ఫోన్లో వెతుకులాట. నోట్లోంచి చేసేది, చంకలోంచి చేసేది, రోబోతో చేసేది అంటూ హైదరాబాద్, బెంగళూరు ఆసుపత్రుల వీడియోలు వరసగా వస్తాయి. రెండు రోజులు తిరక్కముందే ఒక లెక్క స్థిరపడిపోతుంది: కోసి చేసేది పాతది, కెమెరాతో చేసేది కొత్తది, కాబట్టి కొత్తదే మేలు.

ఆ లెక్క తప్పు. ఈ పద్ధతుల మధ్య మారేది గ్రంథి దాకా వెళ్లే దారి మాత్రమే. గ్రంథి దగ్గరికి చేరాక చేయాల్సిన పని అన్నిట్లోనూ ఒకటే, పెద్ద ప్రమాదాలు ఎక్కువగా ఉండేదీ అక్కడే. కాబట్టి మచ్చ సంగతికి వెళ్లేముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

పెద్దవాళ్లలో థైరాయిడ్ బరువు మామూలుగా 15 నుంచి 20 గ్రాములు. గాలిగొట్టానికి ముందు, రెండు పక్కలా రెండు లోబులుగా, అంటే రెండు భాగాలుగా, అతుక్కుని ఉంటుంది. దాని వెనకగా, గాలిగొట్టానికీ అన్నవాహికకూ మధ్యనున్న సందులో, పక్కకొకటి చొప్పున స్వరనరాలు పైకి వెళ్తాయి. ఒకటి దెబ్బతింటే గొంతు బొంగురుపోతుంది, నీళ్లు తాగితే పొలమారుతుంది. రెండూ దెబ్బతింటే ఊపిరే ఆడదు. లోబు పై కొస దగ్గర ఇంకో సన్నటి నరం ఉంటుంది. అది పోతే గొంతు బొంగురుపోదు గానీ పై స్థాయికి లేవదు. పాటలు పాడేవాళ్లకు, క్లాసులో గొంతెత్తి చెప్పే టీచర్లకు, బండి మీద కూరగాయలు అరిచి అమ్ముకునేవాళ్లకు ఆ తేడా వెంటనే తెలుస్తుంది. వీటితోపాటు నాలుగు పారాథైరాయిడ్లు ఉంటాయి. ఒక్కోటి కందిబేడంత, బరువు 30 నుంచి 50 మిల్లీగ్రాములు, పసుపు కలిసిన గోధుమరంగు. ఒంట్లో కాల్షియాన్ని నిలబెట్టేవి అవే. చుట్టూ ఉన్న కొవ్వు కూడా అదే రంగులో ఉండడంతో, చూసే కన్నుకు అలవాటు లేకపోతే కొవ్వు అనుకుని తీసేసే ప్రమాదం ఉంది. వాటికి రక్తం తెచ్చే కొమ్మలు వెంట్రుకంత సన్నం. పారాథైరాయిడ్‌ను ముట్టుకోకపోయినా ఆ కొమ్మ తెగితే చాలు, అది పనిచేయడం మానేస్తుంది.

ఇక కోసి చేసే పద్ధతి. దీన్ని ఒక దారికి తెచ్చినవాడు స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరానికి చెందిన సర్జన్ థియోడర్ కోకర్. అంతకుముందు ఈ ఆపరేషన్ అంటే రోగులు రక్తం పోయి చనిపోయేవాళ్లు. రక్తనాళాలను ఒక్కొక్కటిగా పట్టి కట్టి, శుభ్రత పాటించి, ఆయన మరణాలను నూటికి ఒకటి కంటే తక్కువకు తెచ్చాడు. 1909లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇవాళ కర్నూలు పెద్దాసుపత్రిలోనైనా, కడప రిమ్స్‌లోనైనా, అనంతపురం సర్వజన ఆసుపత్రిలోనైనా చేసేది ఆ దారికి మెరుగులు దిద్దిన పద్ధతే.

కోత ఎక్కడ పెట్టాలో ముందే, రోగి మెలకువగా కూర్చుని ఉన్నప్పుడు పెన్నుతో గుర్తు పెట్టుకోవాలి. మత్తు ఇచ్చి, భుజాల కింద మెత్త పెట్టి, తల వెనక్కి వంచాక మెడ చర్మం సాగి గీతలు కనబడకుండా పోతాయి. అప్పుడు గుర్తు పెడితే రోగి లేచి కూర్చున్నాక మచ్చ ఎముక మీదికి జారి, లావుగా, ఎర్రగా తేలుతుంది. ఎదురొమ్ము ఎముక గుంతకు ఒకటి రెండు వేళ్ల పైన, సహజంగా ఉన్న మెడ ముడతలో పెట్టిన 4 నుంచి 6 సెంటీమీటర్ల గీత ఏడాది తిరిగేసరికి చాలామందిలో ఆ ముడతలోనే కలిసిపోతుంది. గడ్డ పెద్దదైతే గీతా పెద్దదవుతుంది, అందులో మొహమాటం పనికిరాదు. చాలని కోతలోంచి పెద్ద గడ్డను లాగబోతే చర్మం అంచులు నలిగి, తర్వాత మచ్చ ఇంకా వికారంగా తయారవుతుంది.

చర్మం, దాని కింది పలచటి కండర పొర తెరిచాక నడిమధ్యన రక్తం లేని తెల్లటి గీత వెంబడి లోపలి కండరాలను రెండు పక్కలకూ తప్పిస్తారు, కోయరు. మొదట లోబు పక్కనుండే సిరను కట్టేస్తారు. తర్వాత లోబు పై కొస. అక్కడి రక్తనాళాలను గుంపుగా పట్టి కట్టకూడదు. గ్రంథికి ఆనించి ఒక్కొక్కటిగా కడితేనే పై నరం బతుకుతుంది. ఆ తర్వాత లోబును మధ్యకు తిప్పి స్వరనరాన్ని కంటితో చూస్తారు. 'నరం కనబడలేదు, కాబట్టి తగల్లేదు' అన్న మాట థైరాయిడ్ సర్జరీలో చెల్లదు. కనబడినదాన్నే కాపాడగలం. నరం గొంతులోకి దూరే చోట గ్రంథి గాలిగొట్టానికి గట్టిగా అతుక్కుని ఉంటుంది. ఎక్కువ దెబ్బలు తగిలేది ఆ ఒక్క సెంటీమీటరులోనే. లోబును పైకి లాగితే నరం కూడా సాగి మెలి తిరిగి వస్తుంది, పక్కనే కరెంటుతో కాలిస్తే వేడి తగులుతుంది. అందుకే అక్కడ కాల్చడం ఆపి, సన్నటి దారమో క్లిప్పో వాడతారు. పారాథైరాయిడ్ నల్లబడితే దాన్ని ముక్కలు చేసి మెడ కండరంలో నాటుతారు, కొన్ని వారాల్లో మళ్లీ పనిలో పడుతుంది. మూసేముందు మత్తు డాక్టర్ ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెంచి కాసేపు పట్టి ఉంచుతారు. దాగి ఉన్న రక్తస్రావం ఏదైనా ఉంటే అప్పుడే బయటపడుతుంది. లోపలి రక్తం బయటికి పోయేలా గొట్టం (డ్రెయిన్) పెట్టడం ఇప్పుడు అందరికీ అవసరం లేదు. గొట్టం ఉంది కదా రక్తం గూడు కట్టదులే అనుకుంటే అదీ పొరపాటే, గడ్డకట్టిన రక్తం గొట్టంలోంచి రాదు.

ఇంత వివరంగా చెప్పింది ఎందుకంటే, చిన్న కోత పద్ధతుల్లోనూ ఈ పనుల్లో ఒక్కటీ తగ్గదు.

1990ల చివర్లో ఇటలీలోని పీసా నగరంలో సర్జన్ పావ్‌లో మికోలి వాడుకలోకి తెచ్చిన పద్ధతిలో మెడ మీదే 1.5 నుంచి 2 సెంటీమీటర్ల కోత పెడతారు. గాలి నింపరు. సన్నటి రిట్రాక్టర్లతో కండరాలను తప్పించి, 5 మిల్లీమీటర్ల మందం, 30 డిగ్రీల వాలు ఉన్న కెమెరాతో లోపల చూస్తూ, అల్ట్రాసౌండ్ కంపనంతో రక్తనాళాన్ని మూసి కోసే పరికరంతో పని చేస్తారు. కెమెరా పెద్దది చేసి చూపిస్తుంది కనుక నరాలు, పారాథైరాయిడ్లు నిజంగానే బాగా కనబడతాయి. నొప్పి మొదటి రెండు రోజులు కొంచెం తక్కువ. చిక్కల్లా గడ్డ సైజుతోనే. కణితి 3 సెంటీమీటర్లు, మహా అయితే 3.5, గ్రంథి మొత్తం 20–25 మిల్లీలీటర్లు దాటితే ఆ కంతలోంచి అది బయటికి రాదు. లాగితే పగులుతుంది.

పగిలితే ఏమవుతుంది? ఇది ఎవరూ అడగని ప్రశ్న, అడగాల్సిన ప్రశ్న. సూదితో గడ్డలోని కణాలు తీసి చూసే సూది పరీక్షలో 'ఫాలిక్యులర్' అని వచ్చిన కణితి క్యాన్సరా కాదా అన్నది సూదితో తేలదు. కణితి చుట్టూ ఉన్న పొరను కణాలు చీల్చుకుని బయటికి వచ్చాయా అన్నది, పొర చెక్కుచెదరకుండా ఉంటేనే గడ్డను ల్యాబులో పరీక్షించే పాథాలజిస్టు చెప్పగలడు. ముక్కలై వస్తే ఆ జవాబు పోయినట్టే. పైగా చెదిరిన కణాలు దారి పొడుగునా నాటుకుపోయే ముప్పు ఉంది.

మెడ మీద అసలు గీతే లేని పద్ధతులు వేరే జాతి. చంకలోంచి వెళ్లేది ఒకటి, రెండు చంకలు, రొమ్ము నల్లటి వలయం అంచుల్లోంచి నాలుగు చిన్న కోతలతో వెళ్లేది ఇంకొకటి. ఈ రెండూ, 2007 నుంచి రోబోతో చేయడమూ కొరియాలో బాగా పెరిగాయి. వీటిని 'చిన్న ఆపరేషన్' అనడం నాకు బొత్తిగా నచ్చదు. చంక నుంచి మెడ దాకా చర్మం కింద సొరంగం తవ్వుకుంటూ రావాలి. కోసి చేసే పద్ధతిలో విడదీసే చర్మం కంటే ఇక్కడ విడదీసేది ఎన్నో రెట్లు ఎక్కువ. ఛాతీ మీద వారాలు, ఒక్కోసారి నెలల తరబడి స్పర్శ మందంగా ఉంటుంది. చేతిని పైకెత్తి కట్టిన భంగిమలో భుజం నరాలు సాగే ప్రమాదం కొత్తగా వచ్చి చేరుతుంది. ఒక చంకలోంచి రెండో పక్క లోబును చేరడం కష్టం. ఇవి మచ్చను దాచే ఆపరేషన్లు, అంతవరకే. ఆ ఒక్క మేలు కోసమే ఎంచుకుంటే తప్పేమీ లేదు, తెలిసి ఎంచుకోవాలి.

నోట్లోంచి చేసేదానికి ఇప్పుడు ఆదరణ ఎక్కువ. బ్యాంకాక్‌కు చెందిన సర్జన్ ఆంకూన్ అనువాంగ్ తన తొలి 60 కేసుల వివరాలు 2016లో ప్రచురించాక అది ప్రపంచమంతా పాకింది. కింది పెదవి లోపలి వైపు, చిగురుకు దూరంగా, మధ్యలో 10 మిల్లీమీటర్ల పోర్టు (కెమెరా, పరికరాలు దూర్చే గొట్టం), రెండు పక్కలా 5 మిల్లీమీటర్ల పోర్టులు. ముందు అడ్రినలిన్ కలిపిన సెలైన్‌ను గడ్డం కింద చర్మంలోకి ఎక్కించి పొరలను విడదీస్తారు. కార్బన్ డయాక్సైడ్ వాయువును 6 మిల్లీమీటర్ల పాదరస పీడనంతో నింపుతారు. పొట్ట లాప్రోస్కోపీలో వాడే 12, 15 ఇక్కడ పనికిరావు, వాయువు మెడ, ముఖం చర్మం కిందికి పాకిపోతుంది. కెమెరా పై నుంచి కిందికి చూస్తుంది కనుక ముందు గ్రంథి మధ్యభాగాన్ని చీల్చి, పై కొస విడదీసి, స్వరనరాన్ని అది గొంతులోకి దూరే చోటే పట్టుకుంటారు. తీసిన లోబును సంచిలో వేసి మధ్య పోర్టులోంచి లాగుతారు. చంక దారి కంటే ఇది దగ్గరి దారి, రెండు లోబులూ సమానంగా అందుతాయి. దీనికున్న సొంత చిక్కులు కూడా ఉన్నాయి: పక్క పోర్టులు సరైన చోట పడకపోతే గడ్డానికి స్పర్శనిచ్చే నరం నలిగి, గడ్డం, కింది పెదవి మొద్దుబారతాయి. గడ్డం చర్మం లోపలి నుంచి కాలడమో చిల్లు పడడమో జరగొచ్చు. వాయువు సిరలోకి వెళ్లడం చాలా అరుదు గానీ ప్రాణం మీదికి వచ్చేది. నోరు శుభ్రమైన చోటు కాదు కనుక ముందు నుంచీ యాంటీబయాటిక్, క్లోర్‌హెక్సిడిన్‌తో పుక్కిలింత తప్పనిసరి. గుట్కా, వక్క, పొగాకు నమిలే అలవాటుతో చిగుళ్లు చెడినవాళ్లకు, నోట్లో చీము ఉన్నవాళ్లకు ఈ దారి వద్దు.

ఈ దారికి తగినవాళ్లెవరంటే, కణితి 5 సెంటీమీటర్ల లోపు, గ్రంథి ఘనపరిమాణం 45 మిల్లీలీటర్ల లోపు ఉన్నవాళ్లు, సూది పరీక్షలో మామూలు గడ్డ లేదా సందేహం అని వచ్చినవాళ్లు, 1 సెంటీమీటరు లోపు పాపిల్లరీ క్యాన్సర్ (థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే రకం) ఉన్నవాళ్లు. మెడకు పాత ఆపరేషన్, రేడియేషన్ ఉండకూడదు. మెడలో బిళ్లలు కట్టిన క్యాన్సర్, చుట్టుపక్కలకు అంటుకున్న క్యాన్సర్, ఛాతీలోకి దిగిన గడ్డ, అప్పటికే ఒక స్వరనరం పనిచేయనివాళ్లు, హార్మోను అదుపులోకి రానివాళ్లు: వీళ్లందరికీ కోసి చేసేదే సరైనది. మన ఊళ్లలో ఏళ్ల తరబడి గడ్డను మోసి, మింగుడుపడక, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక ఆసుపత్రికి వచ్చేవాళ్ల విషయంలో ఈ చర్చకే తావు లేదు. వాళ్లకు ముందు సీటీ తీసి, గడ్డ ఎదురొమ్ము ఎముక కిందికి ఎంత దిగిందో, గాలిగొట్టం ఎంత నొక్కుకుపోయిందో చూడాలి. ఛాతీలోకి దిగిన గడ్డలు కూడా చాలావరకు మెడ కోతలోంచే బయటికి వస్తాయి.

ఏ పద్ధతైనా ముందు జాగ్రత్తలు ఒకటే. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చెప్పే రక్తపరీక్ష), అల్ట్రాసౌండ్, సూది పరీక్ష, స్వరతంత్రుల పరీక్ష, కాల్షియం, విటమిన్ డి. గొంతు బాగానే ఉన్నా ఈఎన్‌టీ దగ్గర స్వరతంత్రులు చూపించుకోవాలి, ఎందుకంటే ఒక తంత్రి పడిపోయినా రెండోది సర్దుకుని మాట మామూలుగానే ఉండొచ్చు. హార్మోను ఎక్కువగా ఉంటే దాన్ని తగ్గించే కార్బిమజోల్ మాత్రలతో మామూలు స్థాయికి తెచ్చాకే టేబుల్ ఎక్కించాలి. మెడలోని తాళి, గొలుసు తీయకుండా కుదరదు, ఆపరేషన్ చేసే చోటే అది. తీయడానికి మనసొప్పని వాళ్లు పసుపుతాడును ముంజేతికి కట్టుకుని వస్తారు, దానికి అభ్యంతరం ఉండదు.

చెడు జరిగేదెక్కడ? ఆపరేషన్ తర్వాత మెడలో రక్తం గూడు కట్టడం నూటికి ఒకరికి అటూఇటుగా ఉంటుంది. సగానికి పైగా మొదటి 6 గంటల్లో, మిగతావి ఎక్కువగా 24 గంటల లోపు. మెడ బిగుసుకుపోయినట్టు ఉండడం, పడుకోలేక లేచి కూర్చోవడం, మాట మారడం, కట్టు పక్కన ఉబ్బడం దీని గుర్తులు. ఆక్సిజన్ రీడింగు చివరి దాకా బాగానే ఉంటుంది, దాన్ని చూసి ఊరుకోకూడదు. రక్తం సిరలను నొక్కడంతో గొంతు లోపలి పొర వాచిపోతుంది, అప్పుడు శ్వాసగొట్టం వేద్దామన్నా పడదు. అందుకే మంచం మీదే కుట్లు విప్పి, కండరాల కుట్టు కూడా తెరిచి గడ్డకట్టిన రక్తాన్ని బయటికి తీసేయాలి, థియేటర్ తర్వాత. కుట్లు కత్తిరించే సామాను మంచం పక్కనే ఉందా అని బంధువులు నర్సును అడగొచ్చు. అడగడం అనుమానించడం కాదు.

ఇక్కడే దూరం సంగతి వస్తుంది. కర్నూలు నుంచి హైదరాబాదుకు, అనంతపురం నుంచి బెంగళూరుకు రెండొందల కిలోమీటర్లకు పైనే. ఆదోని, ఆలూరు వైపు వాళ్లకు ఇంకా ఎక్కువ. నగరంలో చేయించుకుని 'మరుసటి రోజే ఇంటికి' అన్నారని కారెక్కితే, కాల్షియం పడిపోయేది సరిగ్గా ఊరికి చేరాకే. పూర్తి థైరాయిడ్ తీసినవాళ్లలో 20 నుంచి 30 శాతం మందికి తాత్కాలికంగా కాల్షియం తగ్గుతుంది, అది రెండో, మూడో రోజున బాగా కిందికి వెళ్తుంది. ముందు మూతి చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరి. తర్వాత చేతులు కొంకర్లు పోతాయి. దాన్ని నీరసమనో గాలి సోకిందనో అనుకుని ఇంట్లో ఉంచేస్తే ఫిట్స్ దాకా వెళ్లొచ్చు. కాల్షియం గ్లూకోనేట్ ఇంజెక్షన్ ఏ పట్టణ ఆసుపత్రిలోనైనా దొరికేదే, 10 మిల్లీలీటర్లను గుండె చూసుకుంటూ 10 నిమిషాల పాటు నెమ్మదిగా ఎక్కిస్తారు. అందుకే డిశ్చార్జి కాగితంలో ఏ ఆపరేషన్ చేశారో, కాల్షియం, పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోను) ఎంత ఉన్నాయో స్పష్టంగా రాయించుకోవాలి. ఊళ్లో చూసే డాక్టరుకు ఆ రెండు వాక్యాలు చాలు.

రాగిసంగటి తింటున్నాం కదా, కాల్షియం మాత్రలు ఎందుకు అనేవాళ్లున్నారు. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నమాట నిజమే. పారాథైరాయిడ్లు నిద్రపోతున్నప్పుడు పేగు ఆ కాల్షియాన్ని సరిగ్గా పీల్చుకోలేదు, అందుకే మాత్రతోపాటు కాల్సిట్రియాల్ (నేరుగా పనిచేసే విటమిన్ డి) ఇస్తారు. కాల్షియం కార్బోనేట్ మాత్ర తిండితో వేసుకోవాలి. గ్యాస్ మాత్ర రోజూ వాడేవాళ్లలో అది సరిగ్గా ఒంటికి పట్టదు, ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. థైరాయిడ్ హార్మోనుకు బదులుగా ఇచ్చే థైరాక్సిన్ మాత్ర పరగడుపున, టిఫిన్‌కు అరగంట నుంచి గంట ముందు. దీనికీ కాల్షియానికీ 4 గంటల ఎడం ఉండాలి. పొద్దున్నే మాత్రలన్నీ ఒక్క గుక్కలో మింగేసి, టీఎస్‌హెచ్ ఎందుకు దిగడం లేదని అడిగేవాళ్లలో చాలామందికి అసలు కారణం ఇదే. పూర్తి గ్రంథి పోయినవాళ్లకు థైరాక్సిన్ మోతాదు కిలో బరువుకు సుమారు 1.6 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి 6 నుంచి 8 వారాలకు టీఎస్‌హెచ్ చూసి సర్దుతారు.

గొంతు విషయానికొస్తే, శ్వాసగొట్టం వల్ల మూడు నాలుగు రోజులు గరగర మామూలే. వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే ఈఎన్‌టీకి చూపించాలి. నరం తెగకుండా సాగి ఉంటే ఆరు నెలల్లోపు చాలామందికి కోలుకుంటుంది, ఈలోగా స్వర వ్యాయామాలు పనికొస్తాయి. శాశ్వతంగా పోయేది అనుభవమున్న చేతుల్లో నూటికి ఒకటి దగ్గర. ఈ అంకె కోసి చేసినా, తగినవాళ్లను ఎంచి కెమెరాతో చేసినా పెద్దగా మారదు. మార్చేది సర్జన్ అనుభవం. ఏడాదికి 25కు మించి పూర్తి థైరాయిడ్ తీసే సర్జన్ల చేతిలో చిక్కులు తక్కువని అమెరికాలో వేల కేసులు పరిశీలించినప్పుడు తేలింది. కాబట్టి డాక్టరును అడగాల్సింది: "ఏడాదికి ఇవి ఎన్ని చేస్తారు సార్? కెమెరాతో ఎన్ని చేశారు? మధ్యలో కోతకు మార్చాల్సి వచ్చినవి ఎన్ని? మొదటి పక్క నరానికి దెబ్బ తగిలిందని నరం పనితీరు చూపే మానిటరులో తెలిస్తే రెండో పక్క ఆపుతారా?" ఈ చివరి ప్రశ్నకు 'ఆపుతాం, తర్వాత చేస్తాం' అనే జవాబే కావాలి.

ఖర్చు ఎక్కడ పెరుగుతుందంటే, ఒక్కసారి వాడి పారేసే కంపన పరికరం, ఎక్కువ థియేటర్ సమయం, రోబో అయితే దాని సొంత బిల్లు. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు ఉన్నవాళ్లు ఏ ఆపరేషన్, ఏ పద్ధతి వర్తిస్తుందో ఆసుపత్రిలోని మిత్ర డెస్కులో ముందే రాయించుకుంటే, చివర్లో 'పరికరానికి వేరే కట్టాలి' అన్న మాట పడకుండా ఉంటుంది.

కోసి చేయించుకున్నవాళ్లకు మచ్చ గురించి: గాయం మీద పసుపు, కొబ్బరినూనె వద్దు. 48 గంటల తర్వాత తల స్నానం చేయొచ్చు, తుడవకుండా అద్దాలి. రెండు మూడు వారాలకు గాయం పూర్తిగా మూసుకున్నాక సిలికాన్ జెల్ రోజుకు రెండు పూటలా, కనీసం మూడు నెలలు. మన ఎండ తగిలితే కొత్త మచ్చ నల్లబడి అలాగే ఉండిపోతుంది, ఏడాది పాటు పలచటి నూలు చున్నీయో కొంగో మెడ మీద కప్పుకోవాలి. బరువైన గొలుసు ఒరుసుకోకుండా చూసుకోవాలి. చెవి కుట్టించుకున్న చోట, టీకా వేసిన చోట కండ పెరిగిన చరిత్ర ఉన్నవాళ్లు మాత్రం ఆపరేషన్‌కు ముందే ఆ సంగతి చెప్పాలి. మెడ మీద కూడా అలా పెరిగే అవకాశం వాళ్లకే ఎక్కువ. గడ్డ చిన్నదై, క్యాన్సర్ భయం లేకుండా ఉంటే నోటి దారి కోసం హైదరాబాదో బెంగళూరో వెళ్లడానికి నిజమైన కారణం ఉన్నది వాళ్లకే. వెళ్తే ఆపరేషన్ తర్వాత మూడు రోజులు ఆ ఊళ్లోనే ఉండేలా గది చూసుకుని వెళ్లండి, నాలుగో రోజు కాల్షియం పరీక్ష చేయించుకున్నాకే బస్సెక్కండి.